గోల్కొండ సుల్తానులు, అమీర్లు, నాయకులు: కృష్ణా తీరంలో రాజ్యాధికార కేంద్రీకరణ

పదహారు, పదిహేడు శతాబ్దాలలో రాజ్యమేలిన పాదుషాలను, రాజులను తూర్పున, పడమర ఒకే చిక్కు వేధించింది. సింహాసనం వారిదే. కాని కోటల తాళాలు, గుర్రపు దళాలు, శిస్తు రాబడి, తగవులు తీర్చే అధికారం చాలావరకు ఇతరుల చేతిలో ఉండేవి. ఫ్రాన్సులో ఈ ఇతరులు తరతరాలుగా భూములనుభవిస్తున్న ప్రభువంశాల వారు. 1626లో అక్కడి మంత్రి రిషెల్యూ, సరిహద్దులలో లేని ప్రైవేటు కోటల బురుజులను పడగొట్టాలని రాజు చేత ఉత్తరువు ఇప్పించాడు. తరువాత రాష్ట్రాలకు రాజోద్యోగులను నేరుగా పంపించాడు. దీనిపై రగిలిన కోపం, పన్నుల భారంతో కలిసి, 1648 నుంచి 1653 దాకా తిరుగుబాటుగా బయటపడింది. పద్నాలుగవ లూయీ 1682లో దర్బారును వెర్సాయికి మార్చి, గొప్ప వంశాలవారు తన కళ్లెదుటనే ఉండేట్లు, పదవులకూ పింఛన్లకూ తన ముఖం కనిపెట్టుకొని ఉండేట్లు చేశాడు. ఇంగ్లండులో ఏడవ హెన్రీ, ప్రభువులు సొంత పటాలాలు పోషించడాన్ని చట్టాలతో అరికట్టాడు. రష్యాలో పీటరు చక్రవర్తి 1722లో హోదాల పట్టిక వేసి, గౌరవం పుట్టుకను బట్టి కాక కొలువును బట్టి వస్తుందని ప్రకటించాడు.

ఇదంతా ఐరోపాకే ప్రత్యేకమైన పరిణామమన్నట్లు పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. అది సరికాదు. పదకొండవ శతాబ్దంలోనే సల్జూకీ సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్ తూసీ తన ‘సియాసత్‌నామా’లో, వసూలు అధికారులనూ ఇఖ్తాదారులనూ రెండు మూడేళ్లకొకసారి మార్చాలని, లేకుంటే వారు వేళ్లూనుకొని పోతారని హెచ్చరించాడు. హిజ్రీ 779లో, అంటే క్రీ.శ. 1377లో, ‘ముఖద్దిమా’ను ముగించిన ఇబ్నె ఖల్దూన్ ఇంకా లోతుకు వెళ్లాడు. ఏ బంధువర్గం బలంతో రాజు గద్దెనెక్కాడో ఆ వర్గాన్నే అతడు క్రమంగా దూరం పెడతాడనీ, తన దయ తప్ప వేరే ఆధారం లేని కొత్తవారిని చేరదీస్తాడనీ ఆయన వివరించాడు. రిషెల్యూ, లూయీ చేసిన పనిని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం.

తెలుగుదేశంలో ఈ చరిత్రను చూడదలచినవారు గోల్కొండ కుతుబ్‌షాహీలను చూడాలి. అందులోనూ కృష్ణానది దిగువ ప్రాంతాన్ని చూడాలి. కృష్ణ సముద్రంలో కలిసేచోట, దివిసీమ చివరి అంచున, హంసలదీవికి చేరువలో పాలకాయతిప్ప అనే పల్లె ఉంది. అక్కడి నుంచి తీరం వెంట ఉత్తరంగా పోతే మచిలీపట్నం వస్తుంది. గోల్కొండ కోటకు ఈ తీరం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. రాజ్యానికి కావలసిన గుర్రాలు, పర్షియా నుంచి వచ్చే వర్తకులు, విద్వాంసులు ఈ రేవులోనే దిగేవారు. చిరివేరు ఎరుపుతో అద్దిన బట్టలు ఇక్కడి నుంచే ఓడలకెక్కేవి. ఇంత దూరాన, ఈ ఇసుక తిప్పల మధ్య, సుల్తాను మాట ఎవరి నోట చెల్లేది? ఆ నోరు సుల్తానుదా, మధ్యవారిదా? కేంద్రీకరణ అనే పెద్దమాటకు అసలు అర్థం ఈ ప్రశ్నలోనే ఉంది.

కుతుబ్‌షాహీలకు ముందే బహమనీ రాజ్యంలో ఈ ప్రశ్నకు ఒక గట్టి జవాబు వెదికినవాడు వజీరు మహమూద్ గవాన్. బహమనీ రాజ్యం నాలుగు తరఫులుగా ఉండేది. ఒక్కొక్క తరఫ్‌దారు చిన్న సుల్తానుతో సమానం. గవాన్ నాలుగింటిని ఎనిమిది చేశాడు. తెలంగాణ తరఫు వరంగల్లు, రాజమహేంద్రవరం అని రెండయింది. అంతకంటే ముఖ్యంగా, ఒక్కొక్క తరఫ్‌దారు చేతిలో ఒకే కోట ఉంచి, మిగిలిన కోటల అధిపతులను సుల్తానే నియమించే ఏర్పాటు చేశాడు. రిషెల్యూ కంటే నూటయాభై ఏళ్లు ముందు సాగిన పని ఇది. దీనివల్ల నష్టపోయిన అమీర్లు ఊరుకోలేదు. గవాన్ ముద్ర వేసిన ఒక ఖాళీ కాగితాన్ని సంపాదించి, ఆయన ఒరిస్సా గజపతికి రాసినట్లు దొంగ ఉత్తరం పుట్టించారు. 1481 ఏప్రిల్‌లో, సుల్తాను కొండపల్లిలో విడిది చేసి ఉండగా, ఆ వృద్ధ వజీరుకు మరణశిక్ష అమలయింది. కృష్ణాతీరపు కొండపల్లిని బొమ్మలవల్ల ఎరిగినవారు చాలామంది. ఈ సంగతి ఎరిగినవారు తక్కువ. గవాన్ పోయిన కొన్నేళ్లకే తరఫ్‌దారులు ఎవరి దారి వారు చూసుకున్నారు.

అలా దారి చూసుకున్నవారిలో హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ ఒకడు. తెలంగాణ తరఫ్‌దారుగా ఉండి గోల్కొండకు ప్రభువయ్యాడు. అంటే గోల్కొండ రాజ్యం పుట్టిందే ఒక బలిసిన అమీరు చేతిలో. తమ వంశం ఏ దారిన వచ్చిందో అదే దారిన మరొకడు రాగలడని తరువాతి సుల్తానులకు బాగా తెలుసు. సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనుక కొడుకు జంషీద్ ఉన్నాడు. మరో కొడుకు ఇబ్రాహీం విజయనగరం పారిపోయి అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు.

1550లో ఇబ్రాహీంను గద్దెనెక్కించడంలో తెలుగు నాయకవాడీల పాత్ర పెద్దది. నాయకవాడీలంటే కోటలలో కావలి సైన్యానికి అధిపతులైన స్థానిక యోధులు. వారి పెద్ద జగదేవరావు. తానే సుల్తానును నిలబెట్టానన్న ధీమాతో ఆయన త్వరలోనే సుల్తానును మార్చే ఆలోచనలో పడ్డాడు. అది పొక్కి బీరారుకు పారిపోయాడు. అక్కడి నుంచి విజయనగరం చేరి గోల్కొండ మీదికే దండెత్తి వచ్చాడు. కోటలోని నాయకవాడీలలో కొందరు అతనితో కలిసి పన్నిన కుట్రను ఇబ్రాహీం కఠినంగా అణచివేశాడు. ఇబ్న్ ఖల్దూన్ చెప్పిన సూత్రం ఇక్కడ అచ్చంగా కనిపిస్తుంది. రాజును చేసినవాడే రాజుకు మొదటి శత్రువు.

అయితే ఇబ్రాహీం నాయకులను పూర్తిగా తుడిచివేయలేదు. అది అతని తెలివి. వారు లేనిదే ఈ దేశంలో కోట నిలవదు, పల్లె శిస్తు కదలదు. వారి మీద కన్ను వేసి, వారి భాషను గౌరవించాడు. ‘మల్కిభరాముడు’ అని తెలుగు కవుల నోట నిలిచాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకు అంకితమయింది. ఆయన అధికారి అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ అంకితమిచ్చాడు. దీనిని సాహిత్యాభిమానంగా మాత్రమే చెప్పుకోవడం వాడుక. కాని పారశీక దర్బారుకూ తెలుగు పల్లెకూ మధ్య నాయకుడొక్కడే దుబాసీగా ఉండకుండా, సుల్తానే నేరుగా తెలుగువారితో మాట్లాడగలగడం రాజనీతి కూడా. ఇబ్రాహీం కాలంలోనే రాజమహేంద్రవరం, ఆయన చివరి రోజులలో కొండవీడు గోల్కొండ పాలనలోకి వచ్చాయి. కొండవీటికి ముర్తజానగర్ అని, కొండపల్లికి ముస్తఫానగర్ అని పేర్లు పడ్డాయి. తీరమంతా ఒక పాలన కిందికి వచ్చింది.

గుత్త పద్ధతి

ఇంత దేశాన్ని ఏలడానికి గోల్కొండ ఎన్నుకొన్న సాధనం గుత్త. సర్కారులు, పరగణాలు, రేవుల సుంకాలు ఏటా ఎక్కువ పాడినవానికి దక్కేవి. గుత్త తీసుకొన్నవాడే హవల్దారై ఆ చోట పాలన చేసేవాడు. రేవు వ్యవహారాలు షాబందరు చూసేవాడు. మచిలీపట్నంలో 1618 నుంచి 1622 దాకా ఉన్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెత్‌వోల్డ్ ఈ పద్ధతిని దగ్గరగా చూసి వర్ణించాడు. సొమ్ము నాలుగేసి నెలలకొక కిస్తుగా మూడు కిస్తులలో చెల్లించాలి. చెల్లించలేకపోతే పెద్దరికం, పదవి ఏవీ అడ్డురావు. 1614లో మచిలీపట్నం అధికారిగా ఉన్న ఒక బ్రాహ్మణుణ్ణి బాకీ కింద బెత్తాలతో కొట్టగా ప్రాణం పోయిందని ఆయన రాశాడు.

రాజ్యంలో 66 కోటలున్నాయనీ, వాటి అధిపతులు నాయకులనీ కూడా మెత్‌వోల్డే చెప్పాడు. అందులో కొండపల్లి, కొండవీడు, బెల్లంకొండ తాను చూసినవి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. శిస్తు వసూలు చేసేవాడు ఒకడు, కోట తాళం చేతిలో ఉన్నవాడు మరొకడు. డబ్బున్న హవల్దారుకు కోట లేదు, కోట ఉన్న నాయకునికి రాబడి మీద పెత్తనం లేదు. ఆ హవల్దారు కూడా ఏడాది తిరిగేసరికి మారవచ్చు. గవాన్ ఆలోచనా, తూసీ సలహా రెండూ కలిసిన ఏర్పాటిది. ఫ్రాన్సు రాజులు ప్రభువుల కోటలు పడగొట్టితే, గోల్కొండ సుల్తానులు కోటను ఉంచి దానిని డబ్బు నుంచి విడదీశారు.

పైనుంచి చూస్తే ఇది చక్కని యంత్రం. కింద నుంచి చూస్తే వేరు. వచ్చే ఏడు తనకే దక్కుతుందో లేదో తెలియని గుత్తదారు ఈ ఏడే పిండుకోవాలని చూస్తాడు. పోటీ పెరిగి పాట పెరిగితే, ఆ పెరుగుదల గుత్తదారు జేబులోంచి రాదు. అతడు పరగణావాని మీద, పరగణావాడు ఊరి కరణం, పెదకాపుల మీద, వారు రైతు మీద, సాలెవాని మగ్గం మీద వేస్తారు. అమీరును లొంగదీయడానికి సుల్తాను కనిపెట్టిన కొరడా దెబ్బ చివరకు తగిలింది రైతు వీపుకు. ఫ్రాన్సులోనూ ఇదే జరిగింది. 1681లో కోల్‌బేర్ పరోక్ష పన్నులను ఒక్క పెద్ద గుత్తగా కూర్చాడు. గుత్తదారులంటే అక్కడి జనానికి ఎంత అసహ్యమో తరువాతి విప్లవంలో వారి తలలకు పట్టిన గతే చెబుతుంది. ఈ విషయంలో గోల్కొండను మాత్రమే నిందించే ఐరోపా యాత్రికులు తమ ఇంటి సంగతి మరచినట్లే.

ఏటేటా మార్పు, ఎప్పటికప్పుడు లెక్క అనే ఈ ఏర్పాటుకు రాజధాని నుంచి నిఘా అవసరం. అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో స్వయంగా మచిలీపట్నం దాకా ప్రయాణం చేశాడు. నిజాముద్దీన్ అహ్మద్ రాసిన ‘హదీఖతుస్ సలాతీన్’లో ఆ ప్రయాణం వర్ణన ఉంది. కాని అంతకుముందే ఒక వ్యక్తి ఈ యంత్రంలోని అన్ని మరలనూ తన చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టాడు.

మీర్ జుమ్లా

ఆయన అసలు పేరు మీర్ మహమ్మద్ సయీద్. ఇరాన్‌లోని అర్దిస్తాన్ వాడు. వర్తకునిగా వచ్చి, వజ్రపు గనుల వ్యాపారంలో సంపన్నుడై, కొలువులో చేరి, మచిలీపట్నం హవల్దారీ చేసి, సర్‌ఖేల్ అయి, చివరకు మీర్ జుమ్లా పదవికి చేరాడు. సుల్తాను తరఫున కర్ణాటకం మీదికి వెళ్లి 1650లో గండికోటను పట్టాడు. ఇక్కడే పాత కట్టుబాటు తెగింది. డబ్బు, కోట, సైన్యం, ఓడలు, వజ్రపు గనులు ఒక్క మనిషి దగ్గర చేరాయి. ఆయన ఫిరంగులను నడిపేవారిలో ఐరోపావారు ఉండేవారు. 1652లో గండికోటలో ఆయనను కలిసిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఒక చిత్రమైన దృశ్యం చెప్పాడు. చాప మీద కూర్చున్న నవాబు కాలివేళ్ల సందులలోనూ, ఎడమచేతి వేళ్ల మధ్యనూ ఉత్తరాలు గుచ్చుకొని ఉన్నాడట. ఒక్కొక్కటి తీసి జవాబు చెప్పించేవాడట. సుల్తాను కార్యాలయం గోల్కొండలో ఉండగా, రాజ్యం కార్యాలయం ఆ కాలివేళ్ల సందుల్లో ఉందన్నమాట.

అబ్దుల్లాకు భయం కలగడంలో వింత లేదు. 1655 నవంబరులో, దర్బారులో అమర్యాదగా ప్రవర్తించిన మీర్ జుమ్లా కొడుకు మహమ్మద్ అమీన్‌ను కుటుంబంతో సహా ఖైదు చేయించాడు. ఈ ఘట్టానికి ఆరేళ్ల తరువాత ఫ్రాన్సులో దాదాపు ఇటువంటిదే జరిగింది. అక్కడ కోశాధికారి ఫూకే రాజును మించిన వైభవంతో మేడ కట్టి 1661 ఆగస్టులో లూయీకి విందు చేశాడు. సెప్టెంబరులో లూయీ అతణ్ణి పట్టించాడు. ఫూకే 1680లో ఖైదులోనే చనిపోయాడు. లూయీ నిరంకుశాధికారం ఆ అరెస్టుతో స్థిరపడిందంటారు. అబ్దుల్లా చేసిన అరెస్టుతో గోల్కొండ స్వాతంత్ర్యం సగం పోయింది.

ఎందుకింత తేడా? లూయీ పట్టుదలలోనో, అబ్దుల్లా విలాసాలలోనో కారణం వెదకడం తేలిక. సుల్తానుల విలాసాలను తిట్టిపోయడం మన చరిత్రకారులకు ఒక అలవాటు కూడా. కాని అసలు కారణం వేరు. పట్టుబడిన ఫూకేకు వెళ్లి ఆశ్రయించదగ్గ మరో ప్రభువు లేడు. మీర్ జుమ్లాకు ఉన్నాడు. గోల్కొండ 1636లోనే షాజహాను ఆధిపత్యాన్ని అంగీకరించి ఏటా 2 లక్షల హొన్నుల పేష్కష్‌కు ఒప్పుకొంది. మొగలు కొలువులో గొప్ప మన్సబు మీర్ జుమ్లా కోసం సిద్ధంగా ఉంది. అతని కుటుంబం విడుదల నెపంతో 1656 జనవరిలో మొగలు సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. అబ్దుల్లా తన కూతురిని ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తానుకిచ్చి, నష్టపరిహారం చెల్లించి బయటపడ్డాడు. గోల్కొండ సైన్యంతో జయించిన కర్ణాటకం మీర్ జుమ్లా సొంత జాగీరుగా మొగలు లెక్కల్లోకి పోయింది. ఆయన మొగలు వజీరై, బెంగాలు సుబేదారై 1663లో మరణించాడు.

అమీరుకు వేరే కొలువు దొరికినంతకాలం ఏ రాజూ అమీర్లను పూర్తిగా లొంగదీయలేడు. పెద్ద రాజ్యపు నీడలో ఉన్న చిన్న రాజ్యానికి ఈ ఇబ్బంది తప్పదు.

అక్కన్న, మాదన్న

1672లో అబుల్ హసన్ తానాషా గద్దెనెక్కాడు. ఆయనను నిలబెట్టినవారిలో ముఖ్యుడు సయ్యద్ ముజఫర్. జగదేవరావు కథ మళ్లీ మొదలయింది. తనను నిలబెట్టినవాడే తనను ఆడిస్తున్నాడని తానాషాకు త్వరలోనే అర్థమయింది. ఈసారి సుల్తానుకు సాయపడినవాడు సయ్యద్ ముజఫర్ దగ్గరే లెక్కలు రాసే బ్రాహ్మణ ఉద్యోగి మాదన్న. సయ్యద్ ముజఫర్ పదవి పోయింది, మాదన్న మంత్రి అయ్యాడు. అన్న అక్కన్న కూడా పెద్ద పదవి పొందాడు. గుత్తలలో, హవల్దారీలలో పాత పారశీక అమీర్ల స్థానంలో మాదన్న మనుషులు వచ్చారు. మద్రాసు సమీపంలోని పూనమల్లిలో అధికారిగా ఉండి ఇంగ్లీషువారిని ముప్పుతిప్పలు పెట్టిన పొదిలి లింగప్ప ఆ బంధువర్గం వాడే.

దీనిని హిందువులు ముస్లింలను నెట్టివేయడంగా కొందరు, ముస్లిం రాజ్యంలో హిందువుల విజయంగా మరికొందరు రాశారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. మాదన్నను తెచ్చింది ముస్లిం సుల్తాను, తన తోటి ముస్లిం అమీరు మీద. సుల్తానుకు కావలసింది సొంత గుర్రపు దళం లేని, ఇరాన్‌లోనో ఢిల్లీలోనో బంధువులు లేని, తన దయ మీదనే బతికే మంత్రి. రిషెల్యూ తరువాతి ఫ్రాన్సు రాజులు పాత వంశాల ప్రభువులను కాదని గుమస్తా కుటుంబాల నుంచి మంత్రులను తెచ్చుకొన్నది ఇందుకే. కోల్‌బేర్ బట్టల వర్తకుని కొడుకు. ఉస్మానీ సుల్తానులు, ఇరాన్ షా అబ్బాస్ గులాములను పైకి తెచ్చినదీ ఇందుకే.

మాదన్న మేనల్లుడని చెప్పే గోపన్న కథ తెలుగునాట తెలియనివారు లేరు. తహసీల్దారుగా వసూలైన సొమ్మును భద్రాచలంలో గుడికి ఖర్చు పెట్టి, గోల్కొండ కోటలో ఖైదయ్యాడని జనశ్రుతి. భక్తికథగా అది ప్రసిద్ధం. అదే కథను లెక్కల వైపు నుంచి వింటే, మంత్రి మేనల్లుడైనా సర్కారు సొమ్ముకు జవాబు చెప్పవలసిన రోజులవి అని తెలుస్తుంది.

తానాషా 1678లో మచిలీపట్నం వచ్చాడు. దారిలో కూచిపూడి కళాకారుల ప్రదర్శన చూసి ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. రాజు తన తీరాన్ని స్వయంగా చూసి, మధ్యవారిని దాటి ఒక ఊరివారికి నేరుగా దానమివ్వడం ఆనాటి రాజనీతిలో చిన్న సంగతి కాదు.

కాని ఢిల్లీ ద్వారం మూసుకోలేదు. 1685లో గోల్కొండ సేనాపతి మహమ్మద్ ఇబ్రాహీం మొగలు పక్షాన చేరాడు. హైదరాబాదు పోయింది. 1686లో గోల్కొండలో అక్కన్న, మాదన్నలను చంపారు. కోటను ఎనిమిది నెలలు ముట్టడించిన తరువాత, హిజ్రీ 1098లో, క్రీ.శ. 1687 సెప్టెంబరు 21న, లోపలివాడైన అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం పుచ్చుకొని తలుపు తెరిచాడు. గాయాలతో చివరిదాకా పోరాడిన అబ్దుర్రజాక్ లారీ వంటివారు లేకపోలేదు. అటువంటివారు ఒకరిద్దరే ఉండడమే గోల్కొండ విషాదం.

తరువాత

మొగలులు వచ్చాక పై అంతస్తు మారింది, కింది అంతస్తు అలాగే ఉంది. ఔరంగజేబు మరణించాక పైఅంతస్తు కూడా బలహీనపడింది. ఇన్నాళ్లూ శిస్తు చేతికిచ్చి ముందుకు నడిచిన దేశ్‌ముఖులు, నాయకులు కోటలు కట్టుకొని జమీందారులయ్యారు. గోల్కొండ విడదీసిన డబ్బూ కోటా మళ్లీ ఒకచోట చేరాయి. దివిసీమలో దేవరకోట జమీందారులైన చల్లపల్లి యార్లగడ్డవారు, ఎగువన నూజివీడు మేకా అప్పారావులు ఈ కాలంలో బలపడినవారే. 1724లో దక్కనుకు స్వతంత్ర ప్రభువైన మొదటి నిజాం ఆసఫ్‌జా తీరానికి గట్టి ఫౌజుదారులను పంపించాడు. వారిలో రుస్తుంఖాన్, ఎదురు తిరిగిన జమీందారుల తలలను గోపురాలుగా పేర్పించాడని పేరు. భయంతో కొంతకాలం శిస్తు వచ్చింది. నిజాం పోయాక, 1748 తరువాత, వారసుల కలహాల్లో ఆ భయమూ పోయింది. తీరం మొదట ఫ్రెంచివారికి, తరువాత 1759లో మచిలీపట్నం కోట పట్టిన ఇంగ్లీషువారికి దక్కింది.

కంపెనీ కూడా మొదట్లో జమీందారులతోనే వ్యవహరించింది. 1783లో ఎదురు తిరిగిన నూజివీడు కోటను పట్టింది. 1794లో మచిలీపట్నం కౌన్సిలును తీసివేసి కలెక్టర్లను నియమించింది. 1802 నాటి శాశ్వత పరిష్కారంలో పేష్కష్‌ను నిర్ణయించి, జమీందారుల సాయుధ బలగాలను, పోలీసు అధికారాన్ని తీసివేసింది. నూజివీడు జమీ నూజివీడు, నిడదవోలు అని రెండయింది. ఇబ్రాహీం, అబ్దుల్లా, తానాషా చేయలేకపోయిన పని కంపెనీకి ఎలా సాధ్యమయిందంటే, అప్పటికి జమీందారుకు వెళ్లి చేరడానికి మరో దర్బారు మిగలలేదు. కత్తి పోయినా భూమి మిగిలింది. రైతు నుంచి ఎంత రాబట్టుకోవాలన్నది ఇంచుమించు జమీందారు ఇష్టానికే వదిలారు. చల్లపల్లి జమీలో రైతులు, కూలీలు దీనిమీదనే చిరకాలం పోరాడారు. మద్రాసు శాసనసభ చేసిన 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో దివిసీమ పల్లెలలో శిస్తు రైతు చేతి నుంచి నేరుగా ప్రభుత్వ ఖజానాకు వెళ్లడం మొదలయింది.